జమ్మి ఆకు పెట్టిన పేజీలు

నేను పనిచేసే ఇంట్లో అందరికంటే ముందు నిండిపోయింది నా పాస్‌పోర్టే. ఈ మాట మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరు.

ఖతర్‌లో, దోహా పక్కన అల్ రయ్యాన్‌లో ఉంది ఆ ఇల్లు. పదకొండేళ్ళుగా అక్కడ వంట చేస్తున్నాను, ఇంటి పెద్దావిడను చూసుకుంటున్నాను. ఎండలు ముదిరాయంటే ఆ ఇంట్లో పెట్టెలు కిందికి దిగుతాయి. ముందు మేడమ్, పిల్లలూ ఒక చల్లటి దేశానికి వెళ్తారు. వాళ్ళు వచ్చాక పెద్దావిడ తన చెల్లెలిని తోడు తీసుకుని ఇంకో దేశానికి వెళ్తుంది. వెళ్ళేవాళ్ళు మారతారు, నేను మారను. పిల్లలకు అన్నం తినిపించాలన్నా నేనే, పెద్దావిడ మోకాళ్ళు రుద్దాలన్నా నేనే. పైగా వాళ్ళ పాస్‌పోర్టు చూపిస్తే చాలా దేశాలు ఏమీ అడక్కుండా రానిస్తాయి. నాకు అలా కాదు. వాళ్ళు సరదాగా అడుగుపెట్టే ప్రతి దేశానికీ నాకు వీసా కావాలి, ఆ వీసా అతికించడానికి ఒక పేజీ కావాలి.

మా డ్రైవర్‌ది నిర్మల్ దిక్కు. నన్ను అక్కా అంటాడు. ఎయిర్‌పోర్టులో దింపిన ప్రతిసారీ అతనిది ఒకటే పాట.

"అక్కా, మా ఎమ్మెల్యే సుత గిన్ని దేశాలు తిరగలే. వచ్చేటప్పుడు ఏమన్న పట్కరా."

"ఏం పట్కరావాలె? హోటల్ల సబ్బులు తేవాల్నా?"

"తే. అవి సుత మంచిగనే వాసనస్తయి."

నేను చూసిన దేశాలు అంతే మరి. హోటల్ గది, గది మూలన చిన్న పొయ్యి, కిటికీలోంచి కనిపించే రోడ్డు.

నాలుగో తరగతితో నా చదువు ఆగింది. ఇంగ్లీషు ముద్రలు నేను చదవలేను. కానీ ఏ పేజీ ఎక్కడిదో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆరో పేజీ లండన్. అక్కడ చిన్నపాప జ్వరంతో మూడు రోజులు నా భుజం దిగలేదు. తొమ్మిదో పేజీలో నీలం ముద్ర టర్కీది. ఆ ఊళ్ళో పెద్దావిడా నేనూ బజారులో దారి తప్పి, బుట్టలు అల్లే ముసలాయన దుకాణంలో కూర్చుని నింపాదిగా టీ తాగాం. అవతల మమ్మల్ని వెతుక్కుంటూ ఆవిడ చెల్లెలు ఏడుస్తోంది. పద్నాలుగో పేజీలో రెండు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అది జార్జియా. అక్కడి చలికి నా పెదాలు పగిలి రెండు రోజులు మాట రాలేదు. గదంతా నిశ్శబ్దంగా ఉందని పిల్లలు సంబరపడ్డారు.

ముద్ర వేసేవాళ్ళకు ఖాళీ పేజీ కనిపిస్తే చేయి ఆగదు. పాత పేజీలో మూలన బోలెడు చోటు ఉన్నా, కొత్త పేజీ తిప్పి నడిమధ్యన కొడతారు. "సాబ్, ఇక్కడ, ఇక్కడ" అని వేలితో చూపించేదాన్ని. వినేవాళ్ళు విన్నారు, చాలామంది నా వేలిని కూడా పక్కకు నెట్టారు. అలా అయిపోతూ అయిపోతూ చివరికి రెండే పేజీలు మిగిలాయి. ఎదురెదురుగా ఉన్న రెండు తెల్ల పేజీలు. పుస్తకం తెరిచిన ప్రతిసారీ అవి ఉన్నాయా లేదా అని చూసుకునేదాన్ని, నిద్రపోయే పిల్లల ఊపిరి చూసినట్టు.

ఆ రెండు పేజీలు పెద్దావిడ కోసం.

పెద్దావిడ అంటే మా మేడమ్‌కి అత్తగారు. ఇంట్లో అందరూ ఆమెను మామా అని పిలుస్తారు, అరబ్బీలో అమ్మను అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఆమె నన్ను "యా బింత్" అంటుంది, ఓ అమ్మాయీ అని. నాకు యాభై దాటాయి. ఆమె లెక్కలో మాత్రం ఇంకా అమ్మాయినే. మేమిద్దరం మాట్లాడుకునేది కొంత అరబ్బీ, కొంత హిందీ, మిగతాది చేతులతో. అదంతా ఇక్కడ తెలుగులోనే చెబుతున్నాను.

ఆమెకు కుడి మోకాలు అరిగిపోయింది. చిప్పకు రెండు వేళ్ళ కింద, లోపలివైపు ఒక చోటుంది. అక్కడ బొటనవేలు పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పితే ఆమె ముఖంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోయేవి. నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి, రోజూ సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక రుద్దేదాన్ని. యంత్రాలు పట్టుకుని చదువుకున్నవాళ్ళు వచ్చారు, పోయారు. "వాళ్ళకు ఎముకల పేర్లు తెలుసు. నీకు నా నొప్పి ఇల్లు తెలుసు" అనేది ఆమె.

చివరికి రుద్దుడుతో లాభం లేదని, మోకాలు మార్చాల్సిందేనని డాక్టర్లు తేల్చారు. జర్మనీలో పెద్ద ఆసుపత్రి మాట్లాడారు. ఆమె రెండేళ్ళు మొండికేసి, మూడో ఏట ఒప్పుకుంది. ఒప్పుకున్నరోజు ఇంటిల్లిపాది ముందూ ఒకే షరతు పెట్టింది. "ఈ అమ్మాయి నా పక్కన ఉండాలి. మత్తులోంచి నేను కళ్ళు తెరిచేసరికి నాకు ఈ ముఖం కనిపించాలి."

జర్మనీ వీసాకు రెండు ఖాళీ పేజీలు ఉండాలన్నారు. "ఉన్నాయి, సరిగ్గా రెండు ఉన్నాయి" అన్నాను గొప్పగా.

అసలు సంగతి అక్కడే ఉంది.

దానికి మూడు నెలల ముందు దసరాకు ఇంటికి వెళ్ళాను. ఇల్లంటే కోరుట్లలో నా కూతురిల్లే. మా ఆయన పోయాక నేను దిగేది అక్కడే. నా కూతురు బట్టలు కుడుతుంది. అల్లుడికి మోటార్లు బాగుచేసే పని. దసరా పొద్దున కుట్టుమిషను, కత్తెర, పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ తుడిచి వరసగా పెట్టి, పసుపు కుంకుమ పెడుతున్నాం. నా కూతురు నావైపు చూసి నవ్వింది.

"అమ్మా, అందరివి పెట్టినం. నీ పనిముట్టేదే? గరిటె తెచ్చినవా దుబాయ్ నుంచి?"

"నా గరిటె ఆడనే ఉన్నది."

"మరి గా పాస్‌పోర్టు తే. గది లేకుంటె నీ గరిటెకు పనేడిది?"

అల్లుడు కూడా నవ్వాడు. నాకూ ఆ మాట నచ్చింది. నిజమే కదా, ఇన్నేళ్ళు నాకు తిండి పెట్టింది ఆ చిన్న పుస్తకమే. తెచ్చి కత్తెర పక్కన పెట్టాను. అట్ట మీద బొట్టు పెడితే మాసిపోతుందనిపించింది. నిండిన పేజీల్లో పెడితే ముద్రలు చెడతాయని భయం వేసింది. అందుకని బాగా ఆలోచించి, ఏమీ లేని ఆ రెండు పేజీలు తెరిచి, తడి పసుపుతో మూలన ఒక చుక్క, కింద కుంకుమ చుక్క పెట్టాను. సాయంత్రం అల్లుడు జమ్మి తెచ్చాడు. మా దిక్కు దసరానాడు జమ్మి ఆకును బంగారం అంటాం. చేతుల్లో పెట్టి పెద్దలకు దండం పెడతాం, డబ్బుపెట్టెలో, బీరువాలో దాచుకుంటాం. పచ్చి ఆకు రెబ్బ ఒకటి తీసి ఆ రెండు పేజీల మధ్య పెట్టి మూశాను.

"ఇగ సూడు, ఈ ఏడు మంచి దేశం పోతవు" అంది నా కూతురు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు సగం నిండిన పేజీ మీదే ముద్ర వేశాడు. అంత మంచివాడు. ఆ చివరి పేజీల దాకా ఆయన పోలేదు, నేనూ పోలేదు. దేవుడి దగ్గర పెట్టిన వస్తువు, ఊరికే తెరిచి చూడడమెందుకని ప్లాస్టిక్ కవరులో చుట్టి నా పెట్టెలో అడుగున పెట్టుకున్నాను. రోజూ చూసుకునేదాన్ని, ఆ మూడు నెలలు ఒక్కసారి కూడా చూడలేదు.

వీసా ఆఫీసుకు డ్రైవర్ తీసుకెళ్ళాడు. ప్రయాణానికి ఇంకా నెల ఉంది. మేడమ్ కాగితాలన్నీ సర్ది ఇచ్చింది. కిటికీ వెనక మన దేశం అతనే కూర్చున్నాడు. ఒక్కో పేజీ తిప్పుతూ పోయాడు. ఆగాడు.

"యే క్యా హై?"

ముందుకు వంగి చూశాను. ఆకు నల్లగా ఎండి పొడి అయింది. దాని ఆకారం మాత్రం రెండు పేజీల మీదా అచ్చుపడింది, ఈనెలతో సహా, ఆకుపచ్చ మచ్చగా. పసుపు చుక్క తడికి పాకి పావలా అంత అయింది. కుంకుమ అవతలి పేజీకి అంటుకుంది. కాగితం అక్కడక్కడా ఉబ్బి, ముట్టుకుంటే గరుకుగా ఉంది.

"హల్దీ" అన్నాను.

"కూర ఒలికిందా?"

"పూజ చేసినం."

అతను నా ముఖం చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పుస్తకం మూసి, అద్దం కింది సందులోంచి మెల్లగా నావైపు జరిపాడు. "అమ్మా, ఈ పేజీల మీద ఎవరూ వీసా అతికించరు. ఇది పాడైన పాస్‌పోర్టు. మీ ఎంబసీకి వెళ్ళి కొత్తది తీసుకోండి" అన్నాడు హిందీలో. అమ్మా అన్నాడు. తిట్టినా బాగుండేది.

కారులో డ్రైవర్ ఆ పేజీలు చూసి ఈల వేశాడు.

"ఏందక్కా గిది? పాస్‌పోర్టుల చెట్టు మొలిపిచ్చినవా?"

నాకు ఏడుపు వచ్చింది. అతను వెంటనే గొంతు తగ్గించాడు.

"ఊకో అక్కా, ఊకో. నేను నా కారుకు నిమ్మకాయ కడ్తే మన కఫీలు సేటు తెంపి పడేసిండు. మనం మన దేవునికి సెప్పుకుంటం, ఈళ్ళకేం తెలుస్తది. మేడమ్‌కు మాత్రం పూజని సెప్పకు. తడిసిందను."

కానీ నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మేడమ్ అరవలేదు. ఆ పేజీని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. "పదకొండేళ్ళలో నా ఇంట్లో నువ్వు ఒక్క గ్లాసు పగలగొట్టలేదు" అంది. అంతే అంది. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఎంబసీలో ఒక సంగతి తెలిసింది. పేజీలు అయిపోయాయంటే కొత్త పుస్తకం తొందరగానే ఇస్తారట. పాడైందంటే మాత్రం విచారణ ఉంటుంది, మన ఊరి పోలీసులు అడ్రసుకు వెళ్ళి చూసి రాయాలి. ఆ రెండు పేజీలూ నిండిపోయి ఉన్నా నాకు ఆ తిప్పలు ఉండేవి కాదు. ఖాళీగా ఉన్నందుకే బొట్టు పెట్టాను, బొట్టు పెట్టినందుకే నా సంగతి పోలీసుల దాకా వెళ్ళింది. నా పాస్‌పోర్టులో ఉన్నది మా అత్తగారి ఊరి అడ్రసు. ఆ ఇంట్లో ఇప్పుడు మా యారాలు, అంటే మా మరిది భార్య ఒక్కతే ఉంటుంది.

"మోడమ్మా, ఎన్ని రోజులైతది?" అని అక్కడ కాగితాలు తీసుకున్న ఆమెను అడిగాను. తొందరలో మేడమ్ అనబోయి ఏదో అన్నాను. ఆమె పట్టించుకోలేదు.

"రిపోర్టు వచ్చిన రోజున వస్తది. మేం చెప్పలేం."

రోజూ మధ్యాహ్నం కూతురికి ఫోన్ చేసేదాన్ని. రెండు వారాలకు ఆమె అటునుంచి కోపంగా మాట్లాడింది.

"అమ్మా, పోలీసాయన అచ్చిపోయిండట. చిన్నమ్మ ఏం జేసిందో తెలుసా? 'మా అక్క దుబాయ్ల ఉంటది' అన్నదట!"

"అయ్యో! ఖతర్ అని చెప్పొద్దా?"

"చెప్పొద్దా అంటె? ఆమెకు ఖతర్ తెలుసా, మస్కట్ తెలుసా? పదకొండేండ్ల సంది నువ్వు దుబాయ్లనే ఉన్నవ్ ఆమెకు. ఆయన కాయిదం మీద గట్లనే రాసుకున్నడు. అర్జీ ఖతర్ నుంచి, మనిషి దుబాయ్ల. ఇగ మల్ల అడుగుతరట."

యారాలికి ఫోన్ చేశాను. ఆమె తప్పేమీ లేదు, ఆమె అయినా ఏం చేస్తుంది. "అక్కా, నేను మంచిగనే చెప్పిన. కుర్సీ ఏసిన, చాయ పోసిన. మంచిదానివి, పనిమంతురాలివని సుత చెప్పిన" అంది. "మంచిపని చేసినవ్ తియ్" అన్నాను. ఏమని తిట్టను? సెలవుకు వచ్చినప్పుడు నేను కూడా 'దుబాయ్ నుంచి వచ్చిన' అనే చెబుతాను కదా, ఎవరికీ విప్పిచెప్పే ఓపిక లేక.

అల్లుడు రెండుసార్లు స్టేషనుకు తిరిగాడు. ఇక్కడ రోజులు కరిగిపోయాయి. విమానం ఇంకా నాలుగు రోజులు ఉందనగా పెద్దావిడ తన సంచీ తెరిచి, సర్దిన బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమారలో పెట్టడం మొదలుపెట్టింది.

"ఆమె రాదని మీరంతా నా దగ్గర దాస్తున్నారు. ఆమె రాకపోతే నేను రాను. కుంటుతూనే చస్తాను."

కొడుకు బతిమాలాడు. చెల్లెలు బతిమాలింది. ఆ డాక్టరు తారీఖు పోతే మళ్ళీ ఎండాకాలం దాకా దొరకదన్నారు. అప్పటికే ఆమె స్నానాలగదికి వెళ్ళాలంటే గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. మేడమ్ వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. "నీ మాట తప్ప ఎవరి మాటా వినదు" అంది. అబద్ధం చెప్పమని ఆమె అనలేదు. ఆ నేరం ఆమె మీద వేయను. అబద్ధం నాదే.

నూనె గిన్నె పట్టుకుని పెద్దావిడ గదిలోకి వెళ్ళాను. కింద కూర్చుని మోకాలు చేతుల్లోకి తీసుకున్నాను.

"మామా, నా కొత్త పాస్‌పోర్టు వచ్చింది."

"ఏది?"

"వీసాకు ఇచ్చాను. నాలుగైదు రోజుల్లో ఇస్తారట. మీరు ముందు వెళ్ళండి. ఆపరేషన్ రోజుకు నేను అక్కడ ఉంటాను."

ఆమె నా గడ్డం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తింది. ముసలి కళ్ళు, కాటుక కొద్దిగా చెదిరింది.

"వల్లా?"

వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. ఆ ఇంట్లో ఆ మాట పిల్లలు బిస్కెట్ల కోసం కూడా వాడతారు. ఆమె మాత్రం వాడదు, ఆమె నోట నేను విన్నది రెండుమూడుసార్లు.

"వల్లా" అన్నాను.

అది వాళ్ళ దేవుడి మీద ఒట్టు, మన దేవుడి మీద కాదు కదా అని ఆ క్షణంలో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంత చిన్న బుద్ధి నాలో ఎక్కడ దాక్కుందో తెలియదు. ఆమె మోకాలు చాచి, కళ్ళు మూసుకుంది. మర్నాడు బట్టలు మళ్ళీ సంచీలోకి వెళ్ళాయి. నాకోసం ఒక ఊలు శాలువా కూడా పెట్టుకుంది. "నీ పెదాలు పగులుతాయి, అక్కడ చలి" అంది.

నా బదులు, పిల్లల్ని చూడడానికి ఈ ఏడే చేరిన ఫిలిప్పీన్స్ ఆమెను మేడమ్ వాళ్ళు తీసుకెళ్ళారు. నిదానస్తురాలు, మంచి మనిషి. ఆమె పాస్‌పోర్టు కొత్తది, పేజీలన్నీ ఖాళీ. బయల్దేరేముందు ఆమెకు నూనె సీసా ఇచ్చి, మోకాలి చోటు నా మోకాలి మీద చూపించాను. తలూపింది. నా మోకాలు బాగానే ఉంది మరి, ఆ చోటు దాని మీద ఎలా తెలుస్తుంది?

ఫోన్లు మొదలయ్యాయి. రోజూ పెద్దావిడ తెల్లటి మంచం మీద కూర్చుని ఫోన్లో కనిపించేది.

"యా బింత్, ఎక్కడిదాకా వచ్చావు?"

మొదటి రోజు, "వీసా ఆఫీసులో ఉంది మామా" అన్నాను. రెండో రోజు, "రేపు ఇస్తారట." మూడో రోజు, "వేలిముద్రలు మళ్ళీ అడిగారు." ఒక అబద్ధం చెప్పాక మిగతావి వాటంతటవే వచ్చాయి, ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి. ఫోన్లో ఆమె వెనక, ఆసుపత్రి గది తలుపు దగ్గర మేడమ్ నిలబడి, నాకు కనిపించేలా కళ్ళు దించుకునేది. వంటింట్లో డ్రైవర్ చాయ్ తాగుతూ ఇదంతా విన్నాడు ఒకరోజు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు, ఆ రోజు గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం కూడా ఆమె ఫోన్లో కనిపించింది. జుట్టు అంతా తెల్ల టోపీలో కట్టేశారు. పదకొండేళ్ళుగా ఆ జుట్టుకు గోరింటాకు పెట్టింది నేనే. నుదురు అంత చిన్నదని నాకు ఆ రోజే తెలిసింది.

"రేపు కళ్ళు తెరిస్తే ఉంటావా?"

"ఉంటాను, ఇన్షాల్లా" అన్నాను.

ఆమె చాలాసేపు ఫోన్లోకి చూసింది. నా వెనక గోడ మీద మా వంటింటి పలకలు, మసాలా డబ్బాల వరస ఆమెకు కనిపిస్తూనే ఉంటాయి. ఆ సంగతి నాకు ఫోన్ పెట్టాక తట్టింది. ఏ వీసా, ఏ ప్రయాణం? ఆమె ఆ రోజే గ్రహించి ఉండాలి. గ్రహించే కళ్ళు మూసుకుందేమో ఆ మత్తుకు.

ఆ తర్వాత నాకు ఫోన్ రాలేదు. ఆపరేషన్ బాగా అయిందని మేడమ్ మెసేజి పెట్టింది. కళ్ళు తెరిచాక ఏమైనా అడిగిందా అని ఫిలిప్పీన్స్ ఆమెను అడిగాను. ఆమెకు దాచడం రాదు. "నన్ను చూసింది. తల అటు తిప్పుకుంది" అంది.

ఆపరేషన్ అయిన పదమూడో రోజున కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ఈసారి పెద్ద పుస్తకం తీసుకున్నాను, పేజీలు ఎక్కువున్నది. చేతిలో కొత్త అట్ట వాసన వేసింది. మేడమ్‌కి ఫోన్ చేసి, ఇప్పుడు వీసాకు ఇవ్వనా అని అడిగాను. "ఇంకెందుకు? మేమే వచ్చేస్తున్నాం" అంది.

వాళ్ళు వచ్చినరోజు పెద్దావిడకు ఇష్టమైన మచ్‌బూస్, మాంసం వేసిన అన్నం, వండాను, ఇల్లంతా బుఖూర్ ధూపం వేశాను. చక్రాల కుర్చీ గుమ్మం దగ్గర ఆపించి, కర్ర పట్టుకుని తన కాళ్ళ మీద నడిచి లోపలికి వచ్చింది. గోడ పట్టుకోలేదు. "అల్‌హమ్దులిల్లా మామా" అని చేయి ముద్దు పెట్టుకోబోయాను. చేయి ఇచ్చింది గానీ నా ముఖం చూడలేదు.

నెల గడిచింది. వండినది తినేది. బాగుందనేది కాదు, బాగాలేదనేది కాదు. అసర్ నమాజు అయ్యాక ఫిలిప్పీన్స్ ఆమె నూనె గిన్నెతో నా ముందు నుంచే ఆ గదిలోకి వెళ్ళేది. నేను కాచిన నూనే. ఆ అరగంట నాకు వంటింట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. వెళ్ళిపొమ్మంటుందేమోనని నా భయం కాదు. పని ఇంకో ఇంట్లో అయినా దొరుకుతుంది. నన్ను ఉంచుకుంది, కానీ నేనెవరో తెలియనట్టు.

ఒక శుక్రవారం ఇంట్లోవాళ్ళంతా మజ్లిస్‌లో, చుట్టాలు కూర్చునే ముందుగదిలో ఉండగా గదిలోంచి పిలిచింది. ఎన్నాళ్ళకో "యా బింత్" అని.

"నీ పాస్‌పోర్టు తే."

తెచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి ఒక్కో పేజీ తిప్పింది, తడుముతూ, వేలు తడి చేసుకుంటూ. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒకప్పుడు నేను అన్ని తెల్ల పేజీల కోసం ఎంత మొక్కుకున్నానో. ఆమె తిప్పుతుంటే ఒక్కొక్కటీ నామీద సాక్ష్యం చెబుతున్నట్టు ఉంది.

"మాఫీ" అంది. ఏమీ లేదు అని. "ఇందులో జర్మనీ లేదు. వీసా ఆఫీసు లేదు. ఏమీ లేదు."

నేను నేల చూశాను.

"వల్లా అన్నావు."

"మీరు వెళ్ళాలని అన్నాను మామా."

"నేను కళ్ళు తెరవకపోయి ఉంటే? నీ కోసం చూస్తూ పోయేదాన్ని. అప్పుడు ఎవరికి చెప్పుకునేదానివి?"

ఆకుల సంగతి, పోలీసుల సంగతి, యారాలు దుబాయ్ అన్న సంగతి అన్నీ చెప్పాలనుకున్నాను. అవన్నీ పాస్‌పోర్టు ఎందుకు ఆలస్యమైందో చెబుతాయి. ఆమె అడిగింది అది కాదు.

పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది. "నీ దగ్గరే పెట్టుకో. ఆకులు పెట్టకు" అంది. అంటే ఎవరో చెప్పారు. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. దుప్పటి పక్కకు తీసి, కుడికాలు చాపింది.

వంటింట్లోకి పరుగెత్తి నూనె తెచ్చాను. కింద కూర్చుని మోకాలు చేతుల్లోకి తీసుకున్నాను. నిలువుగా పొడవాటి గీత, ఇంకా ఎర్రగా ఉంది. దాని పక్కనుంచి రెండు వేళ్ళ కిందికి, లోపలివైపుకి బొటనవేలు తీసుకెళ్ళాను. అక్కడ గట్టిగా, నున్నగా ఇంకేదో తగిలింది. ఇంకాస్త కిందికి జరిపాను. పైకి జరిపాను. పదకొండేళ్ళు చీకట్లో కూడా దొరికిన చోటు, పట్టపగలు నాకు దొరకలేదు.

"అక్కడ కాదు" అంది కళ్ళు తెరిచే.

"ఎక్కడ మామా?"

ఆమె కాలు అలాగే చాచి ఉంచింది. మజ్లిస్‌లోంచి కప్పుల చప్పుడు, పిల్లల గోల వినిపిస్తున్నాయి. నూనె చల్లారిపోతోంది. నేను వేలు ఎత్తకుండా, ఆ కొత్త మోకాలి చుట్టూ వెతుకుతూనే ఉన్నాను.